ముందు ట్యూనింగ్ ఖర్చు, తర్వాతే పియానో

(సంగీత పాఠశాలల నిర్వాహకులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా అండీ? సరే, మైకు కాస్త దగ్గర పెట్టుకుంటాను.

క్లాసులో ఎలక్ట్రానిక్ పియానో పెట్టాలా, తీగలూ సుత్తులూ ఉండే అకౌస్టిక్ పియానో పెట్టాలా అనేది నాకిచ్చిన అంశం. ఈ మాటెత్తితే చాలు, మనలో రెండు పార్టీలు తయారవుతాయి. పియానో అంటే చెక్క, తీగలు, సుత్తులు, మిగతావన్నీ బొమ్మలేనని ఒక పార్టీ. రెండువందల కిలోల పెట్టెని మూడో అంతస్తుకి ఎవరు మోస్తారండీ, కాలం మారింది అని రెండో పార్టీ. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. చివరిదాకా దాచిపెట్టడం ఎందుకు, నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను. ట్యూనింగుకీ రిపేర్లకీ ఏటా డబ్బు పక్కన పెట్టలేని స్కూలు అకౌస్టిక్ పియానో కొనకూడదు. పెట్టగలిగిన స్కూలు కనీసం ఒక్కటైనా కొనకుండా ఉండకూడదు. ఇక కారణాలు చెబుతాను.

అంతకంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మన ఊళ్ళలో "పాపకి పియానో కొన్నామండీ" అని తల్లిదండ్రులు చెప్పేది చాలాసార్లు 61 కీల కీబోర్డు గురించి. తేలిగ్గా స్ప్రింగు మీద లేచే ప్లాస్టిక్ కీలు, వందరకాల తాళాలు, బటన్ నొక్కితే వెనకాల ఆర్కెస్ట్రా. చర్చిలో పాటలకీ, రిసెప్షన్లో సినిమా పాటలకీ అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఇవాళ్టి లెక్కలోకి అది రాదు. నేను డిజిటల్ పియానో అన్నప్పుడల్లా 88 కీలుండి, నొక్కితే వేలికి బరువు తగిలి, ఎడమ చివర బరువు ఎక్కువగా, కుడివైపుకి వెళ్ళేకొద్దీ తక్కువగా ఉండేదాన్ని ఊహించుకోండి. మీ స్కూల్లో 61 కీలవాటి మీద "పియానో క్లాసు" అని బోర్డు పెట్టుకుని ఉంటే, ఇంటికెళ్ళాక ముందు ఆ బోర్డు సంగతి చూడండి. (నవ్వులు)

స్టేజి మీద రెండూ ఉన్నాయి కదా, ఒక చిన్న ప్రయోగం చేస్తాను. ఇది అప్‌రైట్, అంటే తీగలు నిలువుగా ఉండే అకౌస్టిక్ పియానో. మధ్యలో ఉన్న సి కీని శబ్దం రాకుండా చాలా నెమ్మదిగా కిందికి దించి పట్టుకుంటున్నాను. సుత్తి తీగని తాకలేదు, అందుకే ఏమీ వినపడలేదు. కానీ ఆ తీగని నొక్కిపెట్టి ఉంచే డ్యాంపర్ పక్కకి జరిగింది. ఇప్పుడు దానికి ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కింద ఉన్న సిని గట్టిగా కొట్టి, వెంటనే వదిలేస్తాను. (వాయించారు) విన్నారా? కొట్టిన స్వరం ఆగిపోయింది. అసలు కొట్టని స్వరం మోగుతోంది. ఇంకా ఉంది చూడండి... ఇప్పుడు ఆగింది. కింది తీగలో ఉన్న రెండో హార్మోనిక్, అంటే దాని అసలు స్వరానికి రెట్టింపు వేగంతో కంపించే స్వరం, పైతీగ శ్రుతీ ఒకటే. అందుకని అది కదిలితే ఇదీ కదిలింది.

ఇదే పని డిజిటల్ మీద చేస్తాను. (వాయించారు) ఏమీ లేదు. ఖరీదైన మోడళ్ళలో ఈ అనురణనాన్ని కూడా లెక్కగట్టి వినిపిస్తారు. స్కూళ్ళు సాధారణంగా కొనే ధరలో ఉన్నవాటిలో ఇది ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. ఇదేదో మ్యాజిక్కు ట్రిక్కని చూపించలేదు. కుడి పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ పెట్టెలోని సుమారు 230 తీగలూ ఒకేసారి విడుదలై ఇలా ఒకదానికొకటి బదులు పలుకుతాయి. పెడల్ ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు మార్చాలో పిల్లలు నేర్చుకునేది ఆ గందరగోళాన్ని చెవితో విని. గందరగోళమే లేకపోతే దేన్ని విని నేర్చుకుంటారు? చవక డిజిటల్‌తో ఇచ్చే పెడల్ అయితే మరీ అన్యాయం. అది లైటు స్విచ్చులాగా ఆన్, ఆఫ్ రెండే ఎరుగును. సగం తొక్కడం, పావు తొక్కడం దానికి తెలియదు. డిజిటల్ కొనేటప్పుడు సేల్స్‌మన్ ఎన్ని వాయిద్యాల శబ్దాలున్నాయో చెబుతాడు. మీరు హాఫ్ పెడల్ పనిచేస్తుందా అని అడగండి.

ఇక స్పర్శ. ఇక్కడ అకౌస్టిక్ పార్టీవాళ్ళకి కోపం వస్తుందేమో. డిజిటల్ పియానోలో కీ కింద సెన్సర్లుంటాయి, రెండో మూడో. మొదటి సెన్సర్ నుంచి రెండోదాకా కీ ఎంత సమయంలో దిగిందో చూసి, దాన్నిబట్టి 1 నుంచి 127 వరకూ ఒక అంకె వేస్తుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలోనిదే ఆ లెక్క. ఆ అంకెకి తగిన శబ్దం బయటికొస్తుంది. "చూశారా, వేగం తప్ప దానికేమీ తెలియదు, మన అకౌస్టిక్‌లో వేలిలోని భావమంతా తీగలోకి వెళుతుంది" అని క్లాసుల్లో చెబుతుంటాం.

నిజంగా వెళుతుందా? 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో మెడిచీ ప్రభువుల కొలువులో పనిచేసిన బార్తొలొమియో క్రిస్టోఫోరి ఈ వాద్యాన్ని కనిపెట్టాడు. ఆయన గొప్పతనమంతా ఒక చిన్న ఏర్పాటులో ఉంది. సుత్తి తీగని చేరడానికి కొంచెం ముందే కీతో సంబంధం తెగిపోతుంది. అది తెగకపోతే సుత్తి తీగకి అంటుకుపోయి శబ్దాన్ని చంపేస్తుంది. ఇవాళ్టి పియానోలో కూడా చివరి రెండు మూడు మిల్లీమీటర్లు సుత్తి దానంతటదే ఎగిరి తగులుతుంది. ఆ క్షణంలో మీరు వేలితో కీని ఎంత ఆర్ద్రంగా నిమిరినా సుత్తికి తెలియదు. అంటే ఒక్క స్వరం వరకూ చూస్తే, అకౌస్టిక్‌లోనూ వేలి చేతిలో ఉండేది ప్రధానంగా సుత్తి వేగమే. మరి తేడా ఎక్కడుంది? మెత్తగా వాయించే చివర ఉంది. శబ్దం వస్తుందా రాదా అన్న అంచున అకౌస్టిక్‌లో ఒక టెన్షన్ ఉంటుంది. కాస్త తక్కువైతే స్వరం మింగేస్తుంది, కాస్త ఎక్కువైతే అరుస్తుంది. మామూలు డిజిటల్ అక్కడ పిల్లల్ని కాపాడేస్తుంది. ఎలా నొక్కినా చక్కటి శబ్దమే ఇస్తుంది. ఆ మంచితనమే దాని లోపం.

ఇంకో వైపు కూడా చెప్పాలి కదా. ఒకే స్వరాన్ని గబగబా మళ్ళీమళ్ళీ కొట్టాలంటే తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండ్ పియానోలో సెబాస్టియన్ ఎరార్ 1821లో పేటెంట్ చేసిన డబుల్ ఎస్కేప్‌మెంట్ ఉంది, కీ పూర్తిగా పైకి రాకుండానే మళ్ళీ కొట్టొచ్చు. మన స్కూళ్ళలో ఉండే అప్‌రైట్లలో ఆ ఏర్పాటు ఉండదు. వాటిలో సుత్తి అడ్డంగా వెళ్ళి, ఎక్కువగా స్ప్రింగు సాయంతో వెనక్కొస్తుంది. మూడు సెన్సర్లున్న మంచి డిజిటల్ ఈ ఒక్క విషయంలో, అరిగిపోయిన పాత అప్‌రైట్ కంటే మెరుగ్గా చేస్తుంది. ఆ అప్‌రైట్ మీద కుస్తీపట్టే పిల్లాణ్ణి "నీ వేళ్ళలో వేగం లేదు" అని తిట్టే టీచర్లు ఉన్నారు. వేగం లేనిది పెట్టెలో.

సరే, క్లాసు సంగతికొద్దాం. ఎలక్ట్రానిక్ పియానో క్లాసులోకి రావడం నిన్నా మొన్నా జరిగింది కాదు. హెరాల్డ్ రోడ్స్ అనే పియానో టీచరు రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి ఆసుపత్రి మంచాల మీద ఉన్న అమెరికన్ సైనికులకి పియానో నేర్పాడు. మంచం మీద పియానో ఎక్కడ పెడతారు? బి-17 బాంబర్ విమానాల అల్యూమినియం గొట్టాలు కోసి, ఒళ్ళో పెట్టుకుని వాయించుకునే 29 స్వరాల బుల్లి పియానో చేశాడు. తర్వాత రాక్, జాజ్ వాళ్ళు ఎగబడి కొన్న రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోకి అదే పునాది. అంటే అది పుట్టిందే పాఠం చెప్పడానికి. 1950ల నుంచి వర్లిట్జర్ కంపెనీ ఎలక్ట్రానిక్ పియానోలు అమెరికన్ కాలేజీల్లో వరసలుగా పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, గుంపుగా నేర్పడం మొదలైంది. గది నిండా ఖరీదైన స్టైన్‌వే పియానోలు ఉన్న విశ్వవిద్యాలయాల్లోనూ ఇవాళ గాయకులకీ, వయొలిన్ విద్యార్థులకీ పియానో ప్రాథమికాలు నేర్పేది ఎక్కువగా డిజిటల్ ల్యాబ్‌లోనే. వాళ్ళకి డబ్బు లేక కాదు. ఒక గదిలో ఎనిమిది అకౌస్టిక్ పియానోలు పెట్టి ఎనిమిదిమంది పిల్లల్ని కూర్చోబెడితే అది చేపల మార్కెట్టే. ఎవరి తప్పు ఎవరిదో టీచరుకి తెలియదు.

అందుకని మొదటి రెండేళ్ళ పిల్లలకి, గ్రూపు క్లాసులకి, డిజిటలే సరైనదని నేను అనుకుంటాను. టీచరు దగ్గర ఒక కంట్రోలర్ ఉంటే ఎవరి హెడ్‌ఫోన్లోకైనా వెళ్ళి వినొచ్చు, ఇద్దర్ని జతకలిపి వాయించమనొచ్చు. సిగ్గుపడే పిల్లలకి ఎవరూ వినడం లేదన్న ధైర్యం కూడా ఉంటుంది.

కానీ ఆ హెడ్‌ఫోన్లతోనే అసలు తంటా. క్లాసంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే పైనుంచి చూసేవాళ్ళకి కాల్ సెంటర్ కనపడుతుంది. గదిలో టకటకమని ప్లాస్టిక్ చప్పుడు తప్ప సంగీతం లేదు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో తెలియదు. పైగా వాల్యూమ్ బటన్ ఒకటి. పిల్లాడు వాల్యూమ్ తగ్గించి, ఫోర్టె (గట్టిగా) అని రాసి ఉన్నచోట బలమంతా పెట్టి బాదుతాడు. లేదా పెంచేసి, వేలు ఆనించి వదిలేస్తాడు. ఫోర్టె అంటే భుజం నుంచి ఎంత బరువు రావాలో వాడి శరీరానికి ఎప్పటికీ తెలియదు. నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. క్లాసులో సగం సమయం హెడ్‌ఫోన్లు తీసేయాలి, ఒకరు వాయిస్తే మిగతావాళ్ళు వినాలి. వాల్యూమ్ ఎంత ఉండాలో నేనే గుర్తు పెట్టి ఉంచుతాను, దాన్ని ఎవరూ కదపకూడదు.

ఇంకో బటన్ ఉంది, ట్రాన్స్‌పోజ్. దాని మీద టేప్ అంటించేయండి. మన దగ్గర ప్రతి ఇంట్లో అమ్మో, అమ్మమ్మో పాడతారు, వాళ్ళ శ్రుతికి తగ్గట్టు పిల్లలు వాయించాలి. బటన్ నొక్కితే శ్రుతి మారిపోతుంది కాబట్టి పిల్లలు అన్నీ సి స్కేల్లోనే లాగించేస్తారు. నల్ల కీల మీదకి చెయ్యి వెళ్ళదు. అయిదేళ్ళు నేర్చుకున్నాక అకౌస్టిక్ ముందు కూర్చోబెట్టి "అమ్మ పాటకి రెండు స్వరాలు పైన వాయించు" అంటే బిక్కమొహం వేస్తారు.

ఇప్పుడు అకౌస్టిక్ పార్టీవాళ్ళ సంగతి. అయ్యా, మీ స్కూల్లో ఉన్న పియానోకి చివరిసారి ట్యూనింగ్ ఎప్పుడయింది? చేతులెత్తండి. ఏడాదిలోపు? ... నాలుగు చేతులు. (నవ్వులు) అదీ విషయం.

పియానోలో తీగలన్నీ కలిసి లాగే బరువు సుమారు 18 నుంచి 20 టన్నులు. ఆ లాగుడునంతా ఇనుప ఫ్రేము మోస్తుంది. శబ్దాన్నిచ్చేది మాత్రం పల్చటి స్ప్రూస్ చెక్క, సౌండ్‌బోర్డు. చెక్క అన్నాక గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, ఎండుతుంది. వానాకాలంలో ఉబ్బి తీగల్ని ఇంకా బిగిస్తుంది, శ్రుతి పైకి పోతుంది. ఎండాకాలంలో, పైగా ఏసీ గదిలో, ఎండి సడలుతుంది, శ్రుతి దిగుతుంది. హైదరాబాదులో ఈ ఎక్కడం దిగడమే ఎక్కువ. విశాఖలోనో కాకినాడలోనో అయితే తేమతో పాటు ఉప్పుగాలి. తీగలకి తుప్పు పడుతుంది, ఒత్తిన ఉన్నితో చేసిన ఫెల్టు మెత్తబడుతుంది, కీలు దిగిన చోటే ఇరుక్కుంటాయి. బ్రిటిష్ కాలంలో ఇక్కడికి పంపిన పియానోల్లో జిగురు మీద నమ్మకం లేక అతుకుల దగ్గర మరలు కూడా బిగించేవాళ్ళు. సికింద్రాబాద్‌లోని పాత పెట్టెలు తెరిస్తే అలాంటివి ఇంకా కనపడతాయి.

అందుకే మన వాతావరణంలో ఏడాదికి కనీసం 2 ట్యూనింగులు, రోజంతా పిల్లలు వాయించే స్కూలైతే 3, 4 కావాలి. కొత్త పియానోకి మొదటి ఏడాది ఇంకా ఎక్కువ, తీగలు సాగుతూనే ఉంటాయి కాబట్టి. మన రెండు రాష్ట్రాల్లో మంచి ట్యూనర్లు చాలా తక్కువ. చెన్నై నుంచో బెంగళూరు నుంచో పిలిపించాలంటే వాళ్ళ ప్రయాణం, బస కూడా మీదే. అందుకే ఒక ఊళ్ళో ఉన్న నాలుగు స్కూళ్ళు, రెండు చర్చిలు కలిసి ఒకే వారంలో పిలిపించుకుంటే అందరికీ కలిసొస్తుంది. పక్క స్కూలు మనకి పోటీ కదా అనుకుంటే అందరి పియానోలూ అపశ్రుతిలోనే ఉంటాయి.

ట్యూనర్ ఏం చేస్తాడో పిల్లలకి చూపించండి, ఒక పూట క్లాసు పోయినా ఫర్వాలేదు. మధ్యలోని ఎ స్వరానికి మూడు తీగలుంటాయి. పక్క రెండింటికీ ఫెల్టు ముక్కలు దూర్చి మూగపరచి, నడిమి తీగని 440కి, అంటే సెకనుకి 440 కంపనాలకి, తెస్తాడు. తర్వాత ఒక ముక్క తీసి రెండో తీగని దానికి కలుపుతాడు. అది 442 దగ్గర ఉందనుకోండి, శబ్దం సెకనుకి రెండుసార్లు ఉయ్యాల ఊగినట్టు వినపడుతుంది. శ్రుతిమరని తిప్పే తాళంచెవిని వెంట్రుకవాసి తిప్పితే ఊపు నెమ్మదిస్తుంది, ఇంకాస్త తిప్పితే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్ని ఒక్కసారి విన్న పిల్లలు ఆ తర్వాత వేరేగా వింటారు. ఇది డిజిటల్‌లో నేర్పలేం, అది ఎప్పుడూ శ్రుతిలోనే ఉంటుంది కదా.

కానీ మూడేళ్ళుగా ట్యూనింగ్ లేని పియానో మీద రోజూ అరగంట కూర్చునే పిల్లల చెవి ఏమవుతుందో ఆలోచించండి. ఇంట్లో శ్రుతిపెట్టె పెట్టుకుని సరళీస్వరాలు పాడే పాప సాయంత్రం మీ స్కూలుకొచ్చి, పావు స్వరం దిగిపోయిన పెట్టె మీద "ఇదే ఎ" అని నేర్చుకుంటుంది. అంతకన్నా అరవైవేల డిజిటల్ వెయ్యిరెట్లు నయం. "మాది నిజమైన పియానో" అనే గొప్ప కోసం పిల్లల చెవుల్ని పాడు చేయకండి.

డిజిటల్‌కి ఖర్చే ఉండదని కూడా అనుకోవద్దు. స్కూల్లో రోజుకి ఎనిమిది గంటలు వాడితే కీల కింద ఫెల్టు అరిగి టకటకలు మొదలవుతాయి. లోపల రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ముచేరి కొన్ని కీలు హఠాత్తుగా అరుస్తాయి, కొన్ని పలకవు. వోల్టేజి ఎగుడుదిగుళ్ళకి అడాప్టర్లు పోతాయి. పది పన్నెండేళ్ళయ్యాక ఆ మోడల్‌కి విడిభాగాలు దొరకవు. బాగా చూసుకున్న అకౌస్టిక్ యాభై ఏళ్ళయినా ఉంటుంది. కొన్నప్పటి ధరలు మాత్రమే పోల్చేవాళ్ళు ఈ లెక్క వేయరు.

పరీక్షల గురించి ఎవరో చీటీ పంపారు. 2020లో కోవిడ్ వచ్చాక సంగీత పరీక్షలు పెట్టే బ్రిటిష్ బోర్డులు ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం వాళ్ళు ఇంట్లో వీడియో తీసి పంపే పరీక్షలు మొదలుపెట్టారు, దాంతో డిజిటల్ మీదే పరీక్ష ఇచ్చేవాళ్ళు పెరిగారు. ఏ గ్రేడుకి ఏ వాద్యం ఒప్పుకుంటారో ఆ ఏడాది నియమాలు చూసుకోండి, అవి మారుతుంటాయి. అయితే ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని ఇచ్చే పరీక్షలో అకౌస్టిక్ ఎదురైతే, దాన్ని ఎప్పుడూ ముట్టుకోని పిల్లలకి మొదటి నిమిషమంతా కీల బరువుతోనే సరిపోతుంది. పరీక్షకి నెల ముందు అద్దెకి వెతుక్కోవడం కాకుండా, మొదటి ఏడాది నుంచే వారానికి ఒక పదిహేను నిమిషాలు ప్రతి పిల్లా అకౌస్టిక్ మీద కూర్చోవాలి. గ్రూపు క్లాసు నడుస్తుండగానే ఒక్కొక్కరిని పక్కగదిలోకి పంపినా చాలు.

(సభలోంచి ప్రశ్న: కొత్తది కొనే స్తోమత లేదు మేడమ్, సెకండ్ హ్యాండ్ అప్‌రైట్ తీసుకోవచ్చా?)

తీసుకోవచ్చు. కొత్తది మూడు నాలుగు లక్షల పైమాటే, నాకు తెలుసు. కానీ పాలిష్ చూసి కొనకండి, పాత పియానోకి పాలిష్ వేయడం చాలా తేలిక. వెళ్ళేటప్పుడు ట్యూనర్ని వెంటపెట్టుకెళ్ళండి, ఆయన ఫీజు దండగ కాదు. శ్రుతిమరలు వదులుగా ఉంటే ఎంత ట్యూన్ చేసినా నిలవదు, అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. సౌండ్‌బోర్డు పగిలి ఝుమ్మంటోందేమో వినాలి. కింది పలక తీసి టార్చి వేసి చూడాలి. ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి, పురుగు ఫెల్టు తినేసి ఉంటుంది, చెదలు ఉండొచ్చు. దశాబ్దాలుగా శ్రుతి దిగిపోయి ఉన్నదాన్ని ఒక్కరోజులో 440కి లాగితే తీగలు తెగుతాయి. రెండు మూడు విడతల్లో పెంచాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

(ప్రశ్న: లోపల బల్బు పెట్టమంటారు, నిజమేనా?)

నిజమే, మన సముద్రపు ఊళ్ళలో పాతవాళ్ళు చేసే పనే. కింద, చెక్కకీ ఫెల్టుకీ దూరంగా, తక్కువ వాట్ల పాత రకం బల్బు ఒకటి వెలిగించి ఉంచితే లోపలి తేమ తగ్గుతుంది. ఎల్ఈడీ పెడితే లాభం లేదు, దానికి తగినంత వేడి రాదు. వానాకాలంలోనే వెలిగించాలి. ఎండల్లో మర్చిపోయి అలాగే ఉంచితే చెక్క పగులుతుంది. వైరింగు మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, సొంత ప్రయోగాలు వద్దు. ఈ స్టేజి మీది పియానోలో కూడా ఒకటుంది. టీ విరామంలో కింది పలక తీస్తాను, చూడాలనుకున్నవాళ్ళు పైకి రండి.